మణికట్టా? ముంజేయా? బంతికి దెబ్బ తగిలే క్షణంలో మన చేతిలో ఏం జరుగుతుంది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని మీరు అనుకుని ఉంటారు. అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చేతి గురించి రాస్తాను. సరిగ్గా చెప్పాలంటే మోచేతికీ వేళ్లకూ మధ్య ఉన్న జానెడున్నర భాగం గురించి.

నేను ఇక్కడ ఉన్న రోజుల్లో సాయంత్రం ఆటల గంటలో బాడ్మింటన్ ఆడేవాళ్లం. నెట్ లేదు, రెండు వేపచెట్ల మధ్య పురికొస కట్టేవాళ్లం. ఒక సీనియర్ అన్న నాకు స్మాష్ కొట్టడం నేర్పుతూ, "మణికట్టు విదిలించరా అబ్బయా, విదిలించు!" అనేవాడు. రెండేళ్లు విదిలించాను. కాక్‌కు వేగం రాలేదు గానీ చిటికెన వేలు వైపు మణికట్టులో నొప్పి వచ్చింది. పదో తరగతి పరీక్షల్లో పెన్ను పట్టుకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాను. ఆ అన్నను తప్పుపట్టను. ఆయనకు ఎవరు చెప్పారో అదే నాకు చెప్పాడు.

అసలు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ల తరువాత, డిగ్రీ సెలవుల్లో హైదరాబాదు వెళ్లి ఒక గోల్ఫ్ మైదానంలో క్యాడీగా పనిచేసినప్పుడు. క్యాడీ అంటే ఆడేవాళ్ల కర్రల సంచి భుజాన వేసుకుని వెనకాల నడిచేవాడు. అక్కడ ముప్పై ఏళ్లుగా సంచి మోస్తున్న ఒక పెద్దాయన నేను ఖాళీ చేతులతో కర్ర ఊపడం చూసి నవ్వి, "చేపను విదిలించినట్టు విదిలిస్తున్నావేంది? తాళం తిప్పినట్టు తిప్పు. అది మణికట్టు పని కాదు, ముంజేతి పని" అన్నాడు. ఆ ఒక్క మాట వెనక ఉన్న శాస్త్రమే ఈ వ్యాసం.

ముందు మీ చేతిని మీరు చూసుకోండి

చదవడం ఆపి కుడి మోచేతిని బల్ల మీద ఆనించి, ముంజేతిని నిటారుగా నిలబెట్టి, పిడికిట్లో ఒక పెన్ను పట్టుకోండి. ఇప్పుడు మూడు పనులు చేయండి.

మొదటిది, చేతిని అరచేతి వైపు వంచి, మళ్లీ వెనక్కి వంచండి. ఎవరినో "రా రా" అని పిలిచినట్టు ఉంటుంది. ఇది మణికట్టు కదలిక. రెండోది, చేతిని బొటనవేలి వైపు, తరువాత చిటికెన వేలి వైపు వంచండి. సుత్తితో మేకు కొట్టేటప్పుడు చేయి ఇలాగే కదులుతుంది. ఇదీ మణికట్టుదే. అయితే దీని పరిధి తక్కువ, రెండు వైపులా కలిపి సుమారు 50 డిగ్రీలు. మూడోది, అరచేతిని మీ వైపు, తరువాత అవతలి వైపు తిప్పండి. తాళం తిప్పినట్టు. ఇది చాలా దూరం, సుమారు 150 డిగ్రీల వరకు తిరుగుతుంది.

ఈ మూడోది మణికట్టు చేస్తున్నదని అందరం అనుకుంటాం. కాదు. ఎడమచేతి వేళ్లతో కుడి ముంజేతిని మణికట్టుకు కొంచెం కింద గట్టిగా పట్టుకుని మళ్లీ తిప్పి చూడండి. మీ వేళ్ల కింద ముంజేయే తిరుగుతుంది. మన జీవశాస్త్రం పుస్తకంలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలు చదువుకున్నాం కదా. అరత్ని కదలకుండా ఉంటే, రత్ని దాని చుట్టూ దొర్లి అడ్డంగా వచ్చి పడుతుంది. అరచేయి ఆకాశం చూస్తున్నప్పుడు రెండూ సమాంతరంగా ఉంటాయి. నేలను చూస్తున్నప్పుడు ఒకదాని మీద ఒకటి కత్తెరలా ఉంటాయి. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలకు ఆ తిరుగుడులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. అవి రత్నితో పాటు ఊరికే తిరిగి వస్తాయి.

పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఈ ఎముకల పేర్లు రాసి మరచిపోయాం. అవి మన ఆటలో ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

గోల్ఫ్ కర్ర, వడిసెల రాయి

గోల్ఫ్ మన మెట్ట ప్రాంతపు ఆట కాదు. మనలో చాలామంది టీవీలో చూసినవాళ్లమే. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన ఒక మైదానం, విశాఖలో సముద్రం దగ్గర ఈస్ట్ పాయింట్ మైదానం ఉన్నాయి గానీ గేటు లోపలికి వెళ్లడం వేరే విషయం. అయినా దెబ్బ తగిలే క్షణాన్ని అర్థం చేసుకోవడానికి గోల్ఫ్ అంత మంచి ఆట ఇంకొకటి లేదు. బంతి కదలకుండా కూర్చుని ఉంటుంది. బౌలరు లేడు, ఎదురు ఆటగాడు లేడు. ఉన్నదల్లా మన చేయి, కర్ర, బంతి. తప్పు జరిగితే ఇంకెవరి మీదా నెట్టడానికి లేదు.

బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు. అది పడవలసిన గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. పెద్ద పోటీల్లో ఆడే మగవాళ్లు పొడవైన కర్రతో కొట్టినప్పుడు కర్ర తల వేగం గంటకు సుమారు 185 కిలోమీటర్లు ఉంటుంది. చేతుల వేగం మాత్రం అందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మరి మిగిలిన వేగం ఎక్కడి నుంచి వచ్చింది?

మన పెద్దవాళ్లు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి వాడిన వడిసెలను గుర్తు చేసుకోండి. చేయి ఎంత వేగంగా తిరిగిందో రాయి దానికి ఎన్నో రెట్ల వేగంతో పోతుంది. ఎడ్లబండి తోలేవాడి చర్నాకోల కూడా అంతే. చేయి ముందుకు పోయి ఆగుతుంది, ఆ ఆగిన బలమంతా తాడు వెంట కొసకు పాకుతుంది, కొస టప్పుమంటుంది. ఆ చప్పుడు ఉత్తదే కాదు సుమా, కొస ధ్వని కన్నా వేగంగా పోతుంది కాబట్టే వస్తుంది. చర్నాకోల కొసను ఎవరూ వేళ్లతో విదిలించరు. విదిలించడానికి వేళ్లు అక్కడ లేవు.

గోల్ఫ్ దెబ్బ కూడా ఇలాంటిదేనని 1968లో బ్రిటన్‌లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు ఒక పుస్తకంలో లెక్కలతో, ఫొటోలతో చూపించారు. భుజం నుంచి చేతుల వరకు ఒక లోలకం, చేతుల నుంచి కర్ర తల వరకు ఇంకొక లోలకం, రెండింటి మధ్య మణికట్టు ఒక మడతబందు. తలుపుకూ గడపకూ మధ్య ఉండే మడతబందు తలుపును నెట్టదు, తిరగనిస్తుంది. మంచి ఆటగాడి మణికట్టు చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే. కర్ర దిగుతున్నంతసేపూ చేతికీ కర్రకూ మధ్య ఉన్న వంపు అలాగే ఉంటుంది. చేతులు కుడి తొడ దగ్గరికి వచ్చే వేళకు కర్ర తనంతట తానే బయటికి విసురుకుంటుంది. అప్పుడు చేతుల వేగం తగ్గుతుంది, కర్ర తల వేగం పెరుగుతుంది. చేతుల దగ్గర పోయిన శక్తి కర్ర తలకు చేరుతుంది. చివర్లో సరైన వేళకు మణికట్టు కొంచెం బలం జోడిస్తే కొంత లాభం ఉంటుందని తరువాతి లెక్కల్లో తేలింది. కానీ తొందరపడి ముందే జోడిస్తే ఉన్న వేగం కూడా పోతుంది. వడిసెల తాడును రాయి సగం తిరిగినప్పుడే వదిలేసినట్టు అన్నమాట.

అందుకే కర్రను బిగించి పట్టుకోవద్దంటారు. బిగిస్తే మడతబందుకు తుప్పు పట్టినట్టే.

సెకనులో రెండు వేలవ వంతు

కర్ర, బంతి ఒకదానికొకటి తగిలి ఉండే సమయం ఎంతో తెలుసా? సుమారు 0.0005 సెకను. కర్ర పైనుంచి కిందికి రావడానికి పట్టే మొత్తం సమయమే పావు సెకను. మనిషి కంటితో చూసి, మెదడుకు తెలిసి, చేయి కదిలించడానికి దాదాపు 0.2 సెకను కావాలి. అంటే దెబ్బ తగిలే క్షణంలో ఎవడూ ఏమీ "చేయలేడు". ఎంత గొప్ప ఆటగాడైనా సరే. ఆ క్షణంలో చేయి ఎలా ఉండాలో అంతకుముందే నిర్ణయమైపోయి ఉంటుంది. "బంతి తగిలేటప్పుడు మణికట్టు తిప్పు" అని చెప్పే గురువు జరగని పనిని చెబుతున్నాడు. పాపం, ఆయనకు అలా అనిపించింది, అదే చెప్పాడు.

ఇప్పుడు ముంజేతి సంగతి. కుడిచేతి వాటం ఆటగాడిని తీసుకుందాం. కర్ర పైకి ఎత్తినప్పుడు అతని ఎడమ ముంజేయి తిరిగి, చేతి వీపు పైకి, అరచేయి కిందికి చూస్తాయి. మణికట్టు బొటనవేలి వైపు వంగి ఉంటుంది. దిగేటప్పుడు రెండు కదలికలు కలిసి జరుగుతాయి. మేకు కొట్టినట్టు మణికట్టు చిటికెన వేలి వైపు విప్పుకుంటుంది. అదే సమయంలో ముంజేయి వెనక్కి తిరిగి, చేతి వీపు బంతి పోవలసిన దిక్కును చూస్తుంది. మేకు కొట్టడం వేగాన్ని ఇస్తుంది. తాళం తిప్పడం కర్ర ముఖాన్ని సరైన దిక్కుకు తెస్తుంది. మొదట చెప్పుకున్న "రా రా" కదలిక ఎడమచేతికి దాదాపు ఉండదు. ఉంటే అదే తప్పు.

ముఖం దిక్కు ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క. దెబ్బ దగ్గర కర్ర ముఖం సెకనుకు 2000 డిగ్రీల వేగంతో తిరుగుతున్నదనుకోండి. సెకనులో వెయ్యో వంతు తేడా వస్తే ముఖం 2 డిగ్రీలు పక్కకు చూస్తుంది. 2 డిగ్రీలంటే మీటరుకు మూడున్నర సెంటీమీటర్లు. 200 మీటర్ల దూరం పోయేసరికి 7 మీటర్లు. బంతి చెట్లలో ఉంటుంది, క్యాడీ వెతుకుతూ ఉంటాడు. నేను చాలా వెతికాను.

కొత్తగా ఆడేవాళ్లందరూ చేసే తప్పు ఒకటి ఉంది. బంతిని పైకి లేపాలనే ఆశతో ఎడమ మణికట్టును వెనక్కి మడిచేస్తారు, గరిటెతో పప్పు తోడినట్టు. అప్పుడు బంతి కన్నా ముందే కర్ర తల చేతులను దాటిపోతుంది. కర్ర నేలకు తగలడమో, బంతి నెత్తిన గీరుకుని పోవడమో జరుగుతుంది. నిజానికి బంతిని లేపేది కర్ర ముఖానికి ఉన్న వాలు. ఆ పని ఇనుము చూసుకుంటుంది, మనం చేయక్కర్లేదు. ఎడమచేతి వీపు, ముంజేయి ఒకే గీతలో చదునుగా ఉంటే చాలు. డస్టిన్ జాన్సన్, కాలిన్ మొరికావా లాంటివాళ్లు మణికట్టును ఇంకా అరచేతి వైపుకే వంచి ఉంచుతారు. వాళ్లకు ముంజేయి తిప్పే పని తగ్గి, నడుము తిప్పే పని పెరుగుతుంది. కనుక అందరికీ ఒకే పద్ధతి లేదు. వెనక్కి మడవకూడదన్నది మాత్రం దాదాపు అందరికీ ఒకటే.

ముంజేతి ఈ తిరుగుడు గురించి పుస్తకంలో రాసి పేరు తెచ్చినవాడు అమెరికా ఆటగాడు బెన్ హోగన్. ఆయన పుస్తకం 1957లో వచ్చింది. "మణికట్టు తిరుగుతుంది" అని ఆయన రాసిన మాటకు అర్థం ముంజేయా, మణికట్టా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మన సీనియర్ అన్నే కాదు, హోగన్ కూడా రెండింటినీ కలిపి చెప్పాడని నాకు ధైర్యం. హోగన్ టెక్సాస్‌లో పేదరికంలో పుట్టి, చిన్నప్పుడు క్యాడీగా సంచులు మోశాడు. 1949లో ఆయన కారును బస్సు గుద్దితే మళ్లీ నడవడం కష్టమన్నారు. 1950లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. మన దేశంలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయుడు అతనే. బెంగళూరులో క్యాడీగా పనిచేసిన సి. మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు.

ఒక తెలుగు మణికట్టు

ఇక మన తెలుగువాడి కథ. సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక కాస్త పక్కకు వంగి ఉండే స్కోలియోసిస్ అతనికి ఉంది. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఆడుతుండగా మణికట్టు దెబ్బతిని 2018-19 సీజను మొత్తం ఆడలేకపోయాడు. గోల్ఫ్ ఆడేవాడికి మణికట్టు పోవడమంటే మేస్త్రీకి తాపీ పోవడం కాదు, చేయే పోవడం. అయినా తిరిగి వచ్చి 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లో మూడు పెద్ద అవార్డులూ అతనే తీసుకున్నాడు. వాటిలో ఒకటి బెన్ హోగన్ పేరు మీద ఇచ్చేది. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. పి.జి.ఎ. టూర్‌లో అది అతని మొదటి గెలుపు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 2024లో అట్లాంటాలో జరిగిన టూర్ చాంపియన్‌షిప్‌లో ఇసుక గుంటలో నుంచి కొడుతూ, కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగిలిందని తనకు అనిపించి, తనంతట తానే అధికారికి చెప్పాడు. రెండు దెబ్బల శిక్ష పడింది. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. అంత పెద్ద పోటీలో, చేతికి తెలిసిన ఒక చిన్న స్పర్శ.

మన ఆటల్లో

గోల్ఫ్ కర్ర మనకు దొరకకపోయినా పోయేదేమీ లేదు. ఇదే చేయి మన ఆటల్లోనూ ఉంది. పత్రికల్లో "మణికట్టు మాంత్రికుడు" అని అజహరుద్దీన్ గురించి రాసేవాళ్లు. 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు చేశాడు. లక్ష్మణ్ 2001లో కోల్‌కతాలో 281 చేసినప్పుడు షేన్ వార్న్ వేసిన బంతిని కూడా మిడ్‌వికెట్ వైపు పంపాడు. వీడియో దొరికితే నెమ్మదిగా తిప్పి చూడండి. బంతి తగిలేటప్పుడు బ్యాట్ ముఖం మూసుకుంటుంది. మూసేది ముంజేతుల తిరుగుడు. మణికట్టు మెత్తగా ఉండి దానికి దారి ఇస్తుంది. మాంత్రికుడు నిజమే, మంత్రం మాత్రం జానెడు పైన ఉంది.

బాడ్మింటన్ స్మాష్‌లో అయితే ఇది మరీ స్పష్టం. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ అయినా, 2019లో ప్రపంచ చాంపియన్ అయిన సింధు అయినా, రాకెట్ మొదట అంచు ముందుకు పెట్టి పైకి వస్తుంది, గొడ్డలి దించినట్టు. చివరి క్షణంలో పైచేయి, ముంజేయి లోపలికి తిరిగి రాకెట్ ముఖం కాక్‌ను చూస్తుంది. నేను రెండేళ్లు చేసిన "రా రా" విదిలింపు అందులో చిన్న భాగం మాత్రమే. రాకెట్‌ను పెనం పట్టుకున్నట్టు పట్టుకుంటే ముంజేయి తిరగడానికి చోటే ఉండదు, ఇక విదిలించక తప్పదు. నా తప్పు అక్కడ మొదలైంది, పట్టులో.

బిళ్లంగోడు ఆడేవాడికి ఇవేమీ చెప్పక్కర్లేదు. గాలిలోకి లేచిన బిళ్లను కొట్టేటప్పుడు కర్రను ఎవడూ బిగించి పట్టుకోడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్లను చూడని మనవాళ్లు ఉండరు. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. ఆకురాయితో చెంచా గుంట నున్న చేసేటప్పుడు వాళ్ల చేయి చూడండి. మణికట్టు నిలకడగా ఉంటుంది, ముంజేయి అటూ ఇటూ దొర్లుతుంది. అందుకే పొద్దుగూకులూ చేయగలుగుతారు. తమాషా ఏమిటంటే పాతకాలంలో గోల్ఫ్ కర్రల తలలు కూడా చెక్కతోనే చేసేవాళ్లు. ఇప్పుడు లోహంతో చేస్తున్నా వాటిని "వుడ్స్" అనే అంటారు. వాటిలో ఒక రకానికి పూర్వం ఉన్న పేరు "స్పూన్". క్యాడీ పెద్దాయన ఈ మాట చెప్పినప్పుడు, మా ఊరు స్పూన్లకే ప్రసిద్ధి అన్నాను. ఆయన నమ్మలేదు.

చివరగా నొప్పి సంగతి. బ్యాట్, రాకెట్, కర్ర, ఏది పట్టినా అరచేతిలో చిటికెన వేలి కింద ఉన్న మెత్తటి భాగంలో నొక్కితే నొప్పి వస్తుంటే దాన్ని బెణుకు అనుకుని వదిలేయకండి. అక్కడ కొక్కెంలాంటి చిన్న ఎముక ముక్క ఒకటి ఉంది. పిడి చివర పదేపదే గుచ్చుకుని, లేదా కర్ర నేలకు గట్టిగా తగిలి అది విరుగుతుంది. మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నా నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరుకు సరిగ్గా ఆ చోటు వేలితో చూపించి, వేరే కోణంలో ఎక్స్‌రే గానీ, సి.టి. స్కాన్ గానీ అవసరమా అని అడగండి. చిటికెన వేలి వైపు మణికట్టు పక్కన నొప్పి అయితే అది ఎక్కువగా నరం కాదు, స్నాయుబంధం. దానికి మొదటి మందు విశ్రాంతి. జండూబామ్ రాసి మర్నాడు మళ్లీ ఆడితే ఏమవుతుందో నాకు తెలుసు. నాది నయమవడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ నిండు బిందె ఎడమచేత్తోనే ఎత్తుతాను.